బావ గ్యాసు గ్రిల్లు, బావమరిది బొగ్గుల గ్రిల్లు

గవర్నర్‌పేటలో నీటి మోటార్ల దుకాణం నడిపే రామకోటేశ్వరరావుకి యాభై దాటాక ట్రైలరు పిచ్చి పట్టింది. ట్రైలరంటే కారు వెనక తగిలించుకుని ఎక్కడికంటే అక్కడికి లాక్కుపోయే బుల్లి ఇల్లు. లోపల రెండు పడకలు, ఒక ఫ్యాను, వెనక తలుపు కిందికి దించితే వంటబల్ల. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ దగ్గర రోజూ సాయంత్రం వెళ్ళి కూర్చుని, అతని ప్రాణం తీసి మరీ కట్టించుకున్నాడు. తెల్లరంగు వేయించి, నడుమ నీలం పట్టీ దిద్దించాడు. ఆ పట్టీతో అది అచ్చం కంటి పరీక్షల బండిలా తయారయింది. మొదటిసారి సొంతూరు కంకిపాడు తీసుకెళ్తే ఇద్దరు ముసలమ్మలు వచ్చి, ఆపరేషన్ ఇక్కడే చేస్తారా, బెజవాడ తీసుకెళ్తారా అని అడిగారు.

ఆ మాట ఆయన పట్టించుకోలేదు. పట్టించుకున్నది బావమరిది గంగాధర్ అన్న మాట. ట్రైలరుకి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించిన రోజున గంగాధర్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బావగారూ, ఇందులో పుల్ల ఐసు అమ్ముతారా, కుల్ఫీయా?" అన్నాడు. గంగాధర్ ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. పిల్లల్ని నవ్వించటం అలవాటై ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియదు. అందరూ నవ్వారు. రామకోటేశ్వరరావు మాత్రం ఆ రోజు నుంచి బావమరిదితో మాట్లాడటం మానేశాడు.

పూర్తిగా మానలేదు. మధ్యలో భార్య నాగమల్లేశ్వరిని పెట్టుకుని మాట్లాడేవాడు.

"మీ తమ్ముణ్ణి కాఫీ తాగమను."

"తాగుతున్నానని బావగారికి చెప్పక్కా."

ముగ్గురూ ఒకే సోఫా మీద కూర్చుని ఉండేవాళ్ళు. కొన్నాళ్ళకి నాగమల్లేశ్వరికి విసుగొచ్చింది. అటు భర్త, ఇటు తోడబుట్టినవాడు. ఆదివారం రెండు జంటలూ ట్రైలరు తీసుకుని అవనిగడ్డ అవతల సముద్రం ఒడ్డుకి వెళ్ళాలని, అక్కడ చేపలు కాల్చుకు తినాలని, దానికి కావలసిన గ్రిల్లు మగవాళ్ళిద్దరే వెళ్ళి కొనుక్కురావాలని ఆవిడే తీర్మానించింది. కలిసి ఒక వస్తువు కొంటే కలిసి నాలుగు మాటలైనా ఆడక తప్పదని ఆవిడ ఆశ.

తప్పింది. దుకాణంలో నాగమల్లేశ్వరి చోటుని దుకాణాదారు భర్తీ చేశాడు.

ఆయన ముందు కరెంటు గ్రిల్లు చూపించాడు. రామకోటేశ్వరరావు దాని అడుగున రాసిన అంకెలు చదివి పక్కన పెట్టేశాడు. "నేను మోటార్లమ్మేవాణ్ణండీ. ఇది లాగే కరెంటుకి నా ట్రైలరు బ్యాటరీ ఒక్క చేప కాలేలోపు పడుకుంటుంది."

తరవాత గ్యాసుది తీశాడు. చిన్న సిలిండరుకి గొట్టం తగిలించి చెవి తిప్పితే మంట. కాళ్ళు మడిస్తే సూట్‌కేసంత. నూనె కారే పళ్ళెం బయటికి లాగి కడుక్కోవచ్చు. రామకోటేశ్వరరావు జేబులోంచి టేపు తీసి కొలిచాడు. ట్రైలరులో సామాను గూటికి సరిగ్గా పట్టేట్టు ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అయ్యా, ఆయనతో చెప్పండి," అన్నాడు గంగాధర్ దుకాణాదారుతో. "గ్యాసు మీద కాల్చేదానికి గ్రిల్లెందుకు? ఇంట్లో పెనం లేదా? కాల్పంటే బొగ్గులు. బొగ్గు నుంచి వేడి కిరణాల రూపంలో వస్తుంది. నూనె చుక్క దాని మీద పడి పొగైతే, ఆ పొగే రుచి."

"ఈయనతో చెప్పండి, ఆ బొగ్గు రాజుకునేసరికి సూర్యుడు దిగిపోతాడని."

"దిగితే దిగుతాడు. సరదాకి పోతున్నామా, ఆఫీసుకి పోతున్నామా అని అడగండి."

దుకాణాదారు అటూ ఇటూ తల తిప్పీ తిప్పీ అలిసిపోయాడు. "సార్, మెడ పట్టేసింది. చెరొకటీ తీసుకోండి. మీరూ మీరూ సముద్రం దగ్గర తేల్చుకోండి," అన్నాడు. అలాగే ఆయన గ్యాసుది, ఈయన మడత పెట్టే బొగ్గుల గ్రిల్లు కొని, వేరు వేరు ఆటోల్లో ఇంటికి వచ్చారు.

మాఘమాసం ఆదివారం. పొద్దున్నే బయల్దేరారు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా చల్లపల్లి చేరేసరికి ఎండ మీదికొచ్చింది. అక్కడ చేపలు కొన్నారు. ఊరు దాటాక రోడ్డు పక్క కాలవ గట్టు మీద నిద్రగన్నేరు చెట్ల నీడ చూసి రామకోటేశ్వరరావు బండి ఆపాడు.

"ఇక్కడెందుకండీ? సముద్రం ఇంకా బోలెడంత దూరముంది," అంది నాగమల్లేశ్వరి.

"టెస్టింగ్. తిప్పి చూడకుండా నా షాపులోంచి ఒక్క మోటారు గడప దాటదు. అక్కడికెళ్ళాక వెలక్కపోతే మీ తమ్ముడి నోరు మూయించటం నా వల్ల కాదు."

గ్రిల్లుని ట్రైలరు లోపల వెలిగించకూడదని ఆయన నియమం. వెనక బల్ల కూడా వద్దని, దూరంగా మడత బల్ల వేసి పెట్టాడు. సిలిండరు తగిలించి, గొట్టం అతుకుల దగ్గర సబ్బు నురగ పూసి, బుడగలొస్తాయేమోనని వంగి చూశాడు. రాలేదు. మళ్ళీ పూసి చూశాడు. గంగాధర్ భార్య హేమ సబ్బు గిన్నె పట్టుకుని, "అన్నయ్యగారూ, చేపలు కూడా కడిగెయ్యమంటారా దీంతోనే?" అంది.

మంట వెలిగింది. వెంటనే కాలవ మీంచి గాలి వచ్చి దాన్ని పడుకోబెట్టింది. కారు అడ్డం పెట్టాక నిలబడింది. ఆత్రంలో కమ్మీలు వేడెక్కకుండానే, నూనె రాయకుండానే చేప పెట్టేశాడు. తిప్పబోతే చర్మం కమ్మీలకి ఉండిపోయి, చేప రెండుగా విరిగి కింది పళ్ళెంలో పడింది.

అవతల గంగాధర్ పరిస్థితి అంతకంటే మెరుగ్గా లేదు. బొగ్గు చెమ్మగా ఉంది. కారు అద్దానికి పెట్టే ఎండ అట్ట తీసుకుని విసురుతున్నాడు. నిప్పు లేదుగాని పొగ మాత్రం బ్రహ్మాండంగా లేచి, మినుము చేల మీదుగా తెల్లగా పాకుతోంది.

"రుచి వస్తోందేమో కనుక్కో మీ తమ్ముణ్ణి," అన్నాడు రామకోటేశ్వరరావు దగ్గుతూ.

అప్పుడే ఊళ్ళోంచి ఒక స్కూటరు దూసుకొచ్చింది. దాని మీద పట్టు పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకున్న పెద్దమనిషి. మెడలో ఉత్తరీయం, నుదుటన కుంకుమ, కళ్ళలో నిప్పులు.

"ఏంటండీ ఇది!" అని దిగుతూనే మొదలుపెట్టాడు. "పదింటికల్లా పందిట్లో ఉంటామని చెప్పి, ఈ కాలవ గట్టు మీద పొగేసుక్కూర్చున్నారా? పొద్దుటి నించీ ఫోన్ చేస్తంటే 'దగ్గరికొచ్చేశామండీ, దగ్గరికొచ్చేశామండీ'. ఇదేనా దగ్గర? అక్కడ మగపెళ్ళివారు కూర్చుని ఉన్నారండీ! పదండి, పదండి!"

"ఎవరనుకుంటున్నారు మీరు?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"ఎవరేంటి? బార్బెక్యూ వాళ్ళు!"

రామకోటేశ్వరరావుకి తల తిరిగింది. ఐసుబండి అయింది, కంటి బండి అయింది, ఇప్పుడిది. నాగమల్లేశ్వరే ముందుకొచ్చి సంగతి చెప్పింది. తాము విజయవాడ నుంచి సముద్రానికి పోతున్నామని, ఈయన మోటార్ల వ్యాపారమని, తమ్ముడు లెక్చరరని.

పెద్దమనిషి అందరి ముఖాలూ చూశాడు. విరిగిన చేప చూశాడు. అది వంటవాళ్ళు చేసే పని కాదని దాంతో ఆయనకి నమ్మకం కలిగినట్టుంది. "క్షమించండమ్మా," అని స్కూటరు మీద చతికిలపడ్డాడు.

ఆయన పేరు పోలరాజు. చేపల వ్యాపారం. ఆ రోజు ఆయన కూతురు సుస్మిత నిశ్చితార్థం. మగపెళ్ళివారిది భీమవరం వైపు. వాళ్ళు ఏమీ అడగలేదు. ఈయనే ఫోన్లో ఉత్సాహం ఆపుకోలేక, మా చేపలు మీ కళ్ళెదుటే కాల్చి పెట్టిస్తానండీ అని మాటిచ్చాడు. పండుగప్ప ముక్కలు, టైగరు రొయ్యలు తెల్లవారుజామునే మసాలా పట్టించి ఐసులో పెట్టాడు. కాల్చవలసిన మనిషే రాలేదు.

"తాంబూలాలు అయిపోయినయ్యండీ. కాసేపట్లో బంతి వేస్తారు. పెళ్ళికొడుకు నాయనమ్మ బుల్లెమ్మగారని, ఆవిడ పొద్దుటి నించీ అడుగుతానే ఉంది, ఆ కాల్చేదెక్కడయ్యా, ఆ కాల్చేదెక్కడయ్యా అని. మా వంటవాళ్ళు పులుసు పెట్టగలరు, వేపుడు చెయ్యగలరు. ఇది వాళ్ళకి తెలీదు." ఆయన ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు. "ఇవాళ్టి రోజున నా మాట అబద్ధమైపోయిందండీ. అమ్మాయి నా వంక చూసి, 'పోనీలే నాన్నా' అంది. అది ఇంకా కష్టంగా ఉంది."

బొగ్గు ఒక్కటి చిటచిటమంది.

"ఏవండీ," అంది నాగమల్లేశ్వరి నెమ్మదిగా. "వాళ్ళ దగ్గర చేపలున్నాయి. మన దగ్గర పొయ్యిలున్నాయి."

"మనకి రాదే ఆ పని!"

"వాళ్ళకది తెలీదుగా," అంది హేమ.

రామకోటేశ్వరరావు పోలరాజు వంక చూశాడు. తనకి ఇద్దరూ కొడుకులే. అయినా 'పోనీలే నాన్నా' అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది. కారు తాళాలు తీసుకున్నాడు. "పదండి. కానీ మాడితే నన్ననకూడదు," అన్నాడు.

పందిట్లో ఒక మూల బంతిపూలతో 'లైవ్ కౌంటర్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాని వెనక ఏమీ లేదు. దానికి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏమీ లేని ఆ చోటు వంకే చూస్తూ కూర్చుంది. ఆవిడే బుల్లెమ్మ. ట్రైలరు వచ్చి పందిరి పక్కన ఆగగానే, "కళ్ళ డాక్టర్లొచ్చారేంటి?" అంది.

గ్యాసు గ్రిల్లు ఒక పక్క, బొగ్గుల గ్రిల్లు ఇంకో పక్క పెట్టారు. ఒక్కోదాని మీద ఎనిమిది ముక్కలు పడితే ఎక్కువ. పందిట్లో జనం రెండొందల పైమాటే. రామకోటేశ్వరరావుకి చెమట్లు పట్టాయి. ఈసారి కమ్మీలు బాగా కాలనిచ్చి, హేమ సగానికి కోసిన ఉల్లిపాయ నూనెలో ముంచి రుద్దింది. పండుగప్ప ముక్క పెట్టగానే సుయ్‌మంది. తిప్పితే చక్కగా లేచి వచ్చింది. ఆయనకి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"ఇదిగోండి బామ్మగారూ."

బుల్లెమ్మ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "ఉడికింది," అంది. "కాలలేదు. మా ఇంట్లో పెనం మీదా ఇట్టాగే వస్తది."

గంగాధర్ నవ్వు ఆపుకుని తన బొగ్గుల మీది రొయ్య అందించాడు. బొగ్గు చివరికి రాజుకుంది, కానీ కొంచెం ఎక్కువ రాజుకుంది.

"ఇది కాలింది," అందావిడ. "లోపల పచ్చిగుంది."

వరుస పెరుగుతోంది. వెనక నుంచి మగపెళ్ళివారి తాలూకు ఒకాయన చిటికె వేసి, "ఓయ్ మాస్టారూ! ఎంతసేపు? ఇటు నాలుగు రొయ్యలు కొట్టు!" అన్నాడు. గవర్నర్‌పేటలో కలెక్టరాఫీసు వాళ్ళు కూడా గారు పెట్టి పిలిచే మనిషి రామకోటేశ్వరరావు. ముఖం జేవురించింది. పటకారు కింద పెట్టబోయాడు. పందిరి గుంజ దగ్గర పోలరాజు చేతులు జోడించినట్టు నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి పటకారు మళ్ళీ తీసుకుని ముక్క తిప్పాడు.

గంగాధర్ మాత్రం ఊరుకోలేదు. "ఆయన మాస్టారు కాదండీ. మా బావగారు," అన్నాడు పైకే. "మాస్టారు కావాలంటే నేను. చెప్పండి, ఏం కావాలి?"

చిటికె వేసినాయన తగ్గి, వరుసలో వెనక్కి వెళ్ళాడు. రామకోటేశ్వరరావు బావమరిది వంక ఒకసారి చూసి, గబుక్కున తల దించుకున్నాడు.

ఆ వెంటనే గాలి తిరిగింది. బొగ్గుల పొగంతా లేచి వేదిక మీదికి, కాబోయే పెళ్ళికొడుకు కొత్త సూటు మీదికి పోవటం మొదలైంది.

"గంగాధర్!" అని అరిచాడు రామకోటేశ్వరరావు. "మూత వెయ్యి! కింద గాలి కన్నం సగం మూసెయ్యి! ఆ ముక్కలిటు తోసెయ్, నా దాని మీద ఉడికిస్తా. ఉడికినవి నువ్వు తీసుకుని పొగ పట్టించు!"

"ఉడకటం మీ దగ్గర, కాలటం నా దగ్గర. అంతేగా బావగారూ?"

"అంతే! కానీయ్, కానీయ్!"

నేరుగా మాట్లాడుకుంటున్నామని ఇద్దరిలో ఒక్కరికీ స్ఫురించలేదు. నాగమల్లేశ్వరికి స్ఫురించింది. ఆవిడ ఏమీ అనకుండా నిమ్మకాయలు కోసుకుంటూ కూర్చుంది. పైగా మనిషికొక ముక్క చొప్పున పుల్ల గుచ్చి, "ఇది రుచికేనండీ, భోజనం ముందుంది," అంటూ హేమ చేత అందరికీ పంచిపెట్టించింది. వరుస చకచకా కదిలింది. గ్యాసు మీద ఉడికి, బొగ్గు మీద పొగ పట్టి వచ్చిన పండుగప్ప ముక్కని బుల్లెమ్మ తీరిగ్గా నమిలింది. తరవాత ఖాళీ పళ్ళెం మళ్ళీ చాపింది. ఏమీ అనలేదు. అదే చాలని పోలరాజు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

అంతా బాగుంది అనుకుంటుండగా వరుసలో పాల్ గారు ప్రత్యక్షమయ్యారు. కంకిపాడు రైతు, నిరుడు రామకోటేశ్వరరావు దగ్గరే మోటారు కొన్నాడు. పోలరాజుకి స్నేహితుడు. రామకోటేశ్వరరావుది మసి పూసుకున్న ముఖం, నడుముకి హేమ తువ్వాలు, చేతిలో పటకారు. ఆ వాలకం చూసి పాల్ నిర్ఘాంతపోయాడు.

"రామకోటేశ్వరరావు గారూ! ఏంటండీ ఇది?"

"ఇదాండీ, ఇది..." ముక్క మాడబోతోంది. తిప్పాడు. "మధ్యలో ఉన్నాను, తరవాత చెబుతాను."

"ఏం చెప్పక్కర్లేదండీ," అన్నాడు పాల్ గొంతు తగ్గించి. "వ్యాపారాలన్నాక ఎగుడుదిగుళ్ళుంటాయి. పని చేసుకు బతకటంలో సిగ్గేముంది? అమ్మగారు కూడా నిమ్మకాయలు కోస్తన్నారు. పుణ్యాత్మురాలు." తన ముక్క తీసుకుని, తినకుండానే కళ్ళు తుడుచుకుంటూ పందిరి బయటికి నడిచాడు. నడుస్తూ జేబులోంచి ఫోను తీశాడు.

కాసేపటికి నాగమల్లేశ్వరి ఫోను మోగింది. కంకిపాడు నుంచి ఆడపడుచు సంపూర్ణమ్మ. అప్పటికే ఏడుస్తోంది.

"ఎంత పని జరిగిందే నాగమల్లీ! మాకొక్క మాట చెప్పకూడదా? దుకాణం పోతే పోయింది, ఇల్లుంది, పొలముంది. ఇద్దరూ వచ్చెయ్యండి!"

"వదినగారూ, దుకాణానికేం కాలేదండీ. ఆయన ఇక్కడ సరదాగా చేపలు కాలుస్తున్నారంతే."

"అయ్యో! అదేనమ్మా పాల్ చెప్పింది! సరదా అని చెప్పుకుంటన్నారా పైకి!"

ఎంత చెప్పినా వినలేదు. భర్తకి ఇవ్వబోతే ఆయన రెండు చేతులూ ఖాళీ లేవు. "రొయ్యలైపోయాయండీ, చేప ముక్కలే ఉన్నాయి!" అని వరుసలో ఎవరికో చెప్పిన మాట అవతల సంపూర్ణమ్మకి స్పష్టంగా వినపడింది. ఆవిడ ఫోను పెట్టేసింది.

అందరూ చేతులు కడుక్కునే వేళకి విజయవాడ నుంచి రావలసిన బార్బెక్యూ మనిషి మంచమంత గ్రిల్లుతో దిగాడు. బండి టైరు పేలిందట. పోలరాజు తిడదామని నోరు తెరిచి, ఎందుకో నవ్వేసి, ముందు భోంచెయ్యమన్నాడు. ఆ తరవాత రెండు జంటల్నీ మగపెళ్ళివారి బంతిలో కూర్చోబెట్టి దగ్గరుండి వడ్డించాడు. సుస్మిత వచ్చి నాగమల్లేశ్వరి చేతిలో తాంబూలం పెట్టి, రామకోటేశ్వరరావు కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన మసి చెయ్యి తల మీద పెట్టాలా వద్దా అని తటపటాయించి, మోచేత్తో ఆశీర్వదించాడు.

బావా బావమరిదీ కాలవలో గ్రిల్లులు కడిగారు. పళ్ళేల్లో పేరుకున్న జిడ్డు బూడిదా కొబ్బరిపీచూ పెట్టి రుద్దితేగాని వదల్లేదు. అప్పటికే పొద్దు వాలింది. సముద్రానికి పోదామని గంగాధర్ అన్నాడు.

"సముద్రం ఎక్కడికీ పోదు," అంది నాగమల్లేశ్వరి. "ముందు కంకిపాడు పదండి. మీ అక్కగారు ఈపాటికి ఊరంతా చెప్పేసి ఉంటారు."

చెప్పేసింది. సందెవేళ ట్రైలరు వీధి మలుపు తిరిగేసరికి అరుగు మీద చుట్టాలంతా మౌనంగా కూర్చుని ఉన్నారు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఎవరో మంచినీళ్ళిచ్చారు. సంపూర్ణమ్మ తమ్ముడి మసి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని బావురుమంది. రామకోటేశ్వరరావు మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. గ్యాసు, గాలి, పోలరాజు, పొగ, సుస్మిత. మధ్యమధ్య గంగాధర్ అందుకుని, "మా బావగారు లేకపోతే ఆ పెద్దాయన పరువు నిలిచేది కాదండీ," అంటున్నాడు. చుట్టాలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒక్కొక్కరే లేచి, "రేపొకసారి దుకాణానికి వస్తాంలే," అని వెళ్ళిపోయారు. నమ్మినట్టో నమ్మనట్టో తెలియలేదు.

పోలరాజు కట్టి ఇచ్చిన డబ్బాలో ముక్కలు కొన్ని మిగిలి ఉన్నాయి. నాగమల్లేశ్వరి అవి పళ్ళెంలో పెట్టి ఆడపడుచు ముందుంచింది. సంపూర్ణమ్మ ముక్కు తుడుచుకుని ఒకటి నోట్లో వేసుకుంది. ఇంకొకటి తీసుకుంది.

"ఇది నువ్వే కాల్చావురా?"

"ఇద్దరం కాల్చామక్కా."

"చల్లారిపోయింది," అందావిడ. "ఆ పొయ్యిలు దింపండి. వేడి చేసి పెడుదురుగాని."